సరిచూసిన గింజలు

పోయిన వారం భాగం చివర నన్ను ఆటసామాన్ల గదిలో, తలుపు వెనక, గాలిపోయిన బంతుల మధ్య నిలబెట్టి మీ దారిన మీరు వెళ్లిపోయారు. నేనింకా అక్కడే ఉన్నాను. కాళ్లు పీకుతున్నాయి. కూర్చుందామంటే ఒక పక్క వలల చుట్ట, ఇంకో పక్క కాలు విరిగిన బల్ల. దొంగను పట్టుకుని తీరతానని అందరి ముందూ అన్నది నేనే కాబట్టి, తిట్టుకోవడానికి వేరే మనిషి కూడా లేదు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. నేను మూడో తరగతి టీచర్ని. మా బడి వెనక ఒక ఖాళీ స్థలం ఉంది. నేను చేరిన ఈ ఇరవై రెండేళ్లలో అది విరిగిన కుర్చీలకూ వానాకాలం బురదకూ తప్ప ఎందుకూ పనికిరాలేదు. దాన్ని తోట చేస్తానని, సగం పాఠాలు అక్కడే చెబుతానని హెడ్‌మిస్ట్రెస్ దగ్గర మాటిచ్చాను. ఆవిడ నాకు పరాయి మనిషేం కాదు, మా ఆయన సొంత అక్క. బడిలో మేడమ్, ఇంట్లో వదిన. బడిలో నన్ను 'మీరు' అంటుంది, ఇంట్లో 'నువ్వు' అంటుంది. బడి గేటు దగ్గర ఆ మాట ఎప్పుడూ తడబడకుండా మారిపోతుంది. పోయినేడు వానల్లో ఒక పాప ఆ బురదలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి ఆ స్థలమంతా సిమెంటు చేయించాలని ఆవిడ పట్టుదల. నా మాట తీసేయలేక నెలాఖరు దాకా గడువిచ్చింది. మొక్క కనిపిస్తే తోట, కనిపించకపోతే సిమెంటు.

పది మడులు చేశాం. మడికి నలుగురు పిల్లలు, తలా ఒక చిక్కుడు గింజ. ఇరవై రోజులైంది, ఒక్క మొలక లేదు. పైగా రోజూ మడుల్లో మట్టి కదిలినట్టు కనిపిస్తోంది. నాకు ఒళ్లు మండి, నీళ్లు ఎక్కువ పోసి గింజల్ని కుళ్లబెట్టారని నీళ్లతాతను అందరి ముందూ అనేశాను. ఆయన ఒకప్పుడు నీళ్ల ట్యాంకరు నడిపేవాడు, ఇప్పుడు మా బడిలో నీళ్లు పట్టే పని చేస్తాడు. పిల్లలు పెట్టిన పేరే నీళ్లతాత. ఆయన ఆ మాట విని గొట్టం చుట్ట చుట్టి పంపు మీద పెట్టి వెళ్లిపోయాడు. రెండు రోజులుగా రావడం లేదు. ఎల్లుండితో గడువు సరి. మేస్త్రి వచ్చి స్థలం చుట్టూ సున్నంతో గీతలు కూడా గీసి వెళ్లాడు.

ఇక నా అనుమానమంతా వెనకవీధి కోళ్ల మీద. అందుకే చీపురు పట్టుకుని ఈ గదిలో కాపు కాశాను.

మా బడిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక పావుగంట వింతగా ఉంటుంది. అంతసేపూ చెవులు చిల్లులుపడేలా అరిచినవాళ్లంతా ఒక్కసారిగా మెత్తబడిపోతారు. ఎవరో పంపు కట్టేస్తారు. ఎక్కడో ఒక గిన్నె మూత పడుతుంది, ఆ చప్పుడు చాలాసేపు నేల మీద దొర్లుతున్నట్టు ఉంటుంది. కిటికీ చెక్కల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా లోపలికి వచ్చింది. ఆ చారల్లో దుమ్ము పైకీ పోదు, కిందికీ పడదు, అలా తేలుతూ ఉంది. రబ్బరు బంతుల వాసన, వెచ్చని రేకు వాసన. నేను నిద్రపోయానంటే ఒప్పుకోను. రెప్పలు బరువెక్కాయి, అంతే.

అప్పుడు వాళ్లు వచ్చారు.

మొదట కల అనుకున్నాను. ఎందుకంటే మా పిల్లలు అంత నెమ్మదిగా నడవగలరని నాకు తెలియదు. నలభై మంది, ఒకరి వెనక ఒకరు, చెప్పులు గట్టు మీద విడిచి, వట్టికాళ్లతో స్థలంలోకి దిగారు. ఎవరి మడి దగ్గర వాళ్లు మోకాళ్ల మీద కూర్చున్నారు. ఎవరూ తోసుకోలేదు. ఎవరూ నవ్వలేదు. ఒకడు జేబులోంచి విరిగిన స్కేలు ముక్క తీశాడు, ఒకమ్మాయి ఐస్‌క్రీం పుల్ల తీసింది. ఎండ వాళ్ల వీపుల మీద పడి తెల్లగా మెరుస్తోంది. అందరూ ఒకేసారి మట్టిలో చిన్న గుంటలు తవ్వడం మొదలుపెట్టారు.

చీపురు నా చేతిలోనే ఉంది. కేక వేద్దామనుకున్నదాన్నల్లా తలుపు సందుకు కన్ను ఆనించాను.

ప్రతివాళ్లూ తమ గింజను బయటికి తీశారు. అరచేతిలో పెట్టుకుని, మట్టి ఊది, కళ్లకు దగ్గరగా తెచ్చుకుని చూశారు. ఒకమ్మాయి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. పక్కవాడు తన గింజ చూపిస్తే తను తల ఊపింది కానీ, దాన్ని ముట్టుకోలేదు. క్లాసులో నేను పెట్టిన నియమం అది. ఒకరి లెక్క ఇంకొకరు దిద్దకూడదు.

చూశాక అందరూ చిన్న చిన్న నోటుపుస్తకాలు తీసి ఏదో రాసుకున్నారు. మళ్లీ గింజను గుంటలో పెట్టి, మట్టి కప్పి, పసిపిల్లను జోకొట్టినట్టు రెండుసార్లు తట్టారు. అప్పుడు మా క్లాస్ లీడరు లేచి నిలబడింది. రెండు జడలు, గంభీరమైన మొహం, ఎనిమిదేళ్లకే ఎనభై ఏళ్ల పెద్దరికం. స్టాఫ్‌రూంలో మేం ఆ పిల్లను లీడరమ్మ అంటాం.

"అందరూ సరిచూశారా?" అని అడిగింది లీడరమ్మ.

"సరిచూశాం" అన్నారు నలభై మందీ మెల్లగా.

ఆ ప్రశ్న నాది. ఆ గొంతు కూడా, చివర్లో కాస్త లాగే ఆ విరుపుతో సహా, నాదే. లెక్కల పీరియడ్ అయిపోయే ముందు రోజూ నేనడిగేది అదే. చేసిన లెక్కను సరిచూడకపోతే అసలు చెయ్యనట్టేనని జూన్ నుంచి వాళ్ల బుర్రల్లోకి ఎక్కిస్తున్నాను. కూడిక చేస్తే తీసివేతతో సరిచూడు. గుణకారం చేస్తే భాగహారంతో సరిచూడు. గింజ పాతితే ఏం చెయ్యాలో నేను చెప్పలేదు. వాళ్లంతట వాళ్లే ఆలోచించుకుని, తీసి సరిచూస్తున్నారు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, ఇరవై రోజుల నుంచి, ఒక్క రోజు మానకుండా.

తలుపు తీసుకుని బయటికి వచ్చాను. ఒక చేతిలో చీపురు, జుట్టు నిండా బూజు. నన్ను చూసి పారిపోతారనుకున్నాను. పారిపోవడం మాట అటుంచండి, మొహాలు విప్పారాయి. ఇన్నాళ్లకు టీచర్ కూడా చూడ్డానికి వచ్చిందని వాళ్ల సంతోషం. చుట్టూ మూగి, నాది ముందు చూడండి నాది ముందు చూడండి అని నోటుపుస్తకాలు నా చేతుల్లో కుక్కారు.

అక్కడే గట్టు మీద కూలబడి చదివాను. ఒక పుస్తకంలో ఇలా ఉంది. నాలుగో రోజు: లావెక్కింది. ఆరో రోజు: చొక్కా చిరిగింది. ఏడో రోజు: తెల్ల తోక వచ్చింది. ఎనిమిదో రోజు: తోక విరిగింది. నేను విరగ్గొట్టలేదు, తీసేటప్పుడు దానంతటదే విరిగింది. తొమ్మిదో రోజు: ఏమీ లేదు. పదో రోజు: ఏమీ లేదు. పదకొండో రోజు: కోపం వచ్చినట్టుంది.

ఇంకో పుస్తకంలో ఒకే ఒక వాక్యం, గట్టిగా నొక్కి రాసినది: మన పుస్తకంలో వేరు బొమ్మ తప్పు, నిజం వేరు వంకరగా ఉంటుంది.

నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ కలిసేసరికి దగ్గొచ్చింది. లీడరమ్మ పరుగున వెళ్లి నీళ్లు తెచ్చింది.

నిజం చెప్పేస్తాను, దాచుకుని ఏం చేసుకోను. నాకు ముందు వచ్చింది బాధ కాదు, అసూయ. ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద తెల్ల సుద్దతో వేరు గీస్తున్నాను. కింద నిటారుగా ఒక గీత, పక్కన అటు మూడు, ఇటు మూడు. ఇది తల్లివేరు, ఇవి పిల్లవేళ్లు, రాసుకోండి. గింజలోంచి వేరు వస్తుండగా నేనెప్పుడూ చూడలేదు. మేడమీద రెండు గదుల ఇంట్లో పుట్టాను, ఇంకో మేడమీద రెండు గదుల ఇంట్లోకి కాపురానికి వచ్చాను. నా పిల్లలు చూసేశారు, నేను చూడలేదు. నాకింకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది. ఈ కాస్త నేలా సిమెంటు కిందికి పోతే, ఆ ఎనిమిదేళ్లూ మళ్లీ ఆ సుద్దగీత ముందే నిలబడి అబద్ధం చెప్పాలి. నాకు ఈ స్థలం ఎందుకు కావాలో ఆ క్షణం దాకా నాకే సరిగ్గా తెలియలేదు.

ఆ సాయంత్రం బడి వదలగానే నీళ్లతాత ఇంటికి వెళ్లాను. రెండు వీధుల అవతల ఇల్లు. గుమ్మం ముందు సైకిల్ బోర్లించి ట్యూబుకు అతుకు వేస్తున్నాడు. నన్ను చూసి తలెత్తి, మళ్లీ వంచేశాడు. తప్పైపోయిందని చెప్పడం ఎంత కష్టమో మీకు తెలుసో లేదో. నోట్లో రాయి పెట్టుకుని మాట్లాడినట్టుంటుంది. దారిలో నాలుగు రకాలుగా అనుకుని వెళ్లాను, అక్కడ నిలబడ్డాక ఒక్కటీ గుర్తు రాలేదు. అన్నీ వదిలేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. గింజల్ని చంపింది మీ నీళ్లు కాదు బాబాయ్, నా పాఠం అన్నాను.

"రోజూ తీసి చూశారా?" అన్నాడు ఆయన, చెయ్యి ఆపి.

రోజూ అన్నాను.

"నలభై మందీనా?"

నలభై మందీ అన్నాను. ఆయన భుజాలు కదలడం మొదలైంది. కోపమేమో అనుకున్నాను. కాదు, నవ్వు. చేతిలోంచి ట్యూబు జారిపోయేదాకా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, గింజకు సిగ్గెక్కువమ్మా, చూస్తూ కూర్చుంటే ఏ పనీ చెయ్యదు అన్నాడు. కొత్త గింజలు నానబెట్టి వేస్తే, ఎవరూ వేలు పెట్టకపోతే పది రోజుల్లో అదే తల బయట పెడుతుందట. ఎల్లుండితో గడువైపోతుందంటే, అది మీ ఆడపడుచుతో తేల్చుకోండని చేతులు దులుపుకున్నాడు. నేను వెనక్కి తిరిగాక పిలిచాడు.

"నన్నన్నది అందరి ముందూ అన్నారు కదమ్మా. ఈ మాట కూడా అందరి ముందూ చెబుదురూ."

మర్నాడు వదిన మీటింగుకు వెళ్లి బడిలో లేదు. ఉదయం వరసలో నిలబడ్డ మా పిల్లలందరి ముందూ నీళ్లతాత తప్పేం లేదని చెప్పాను. పక్క క్లాసు టీచర్లు కిటికీల్లోంచి తొంగిచూశారు, చూడనీండి. నీళ్లతాత పంపు దగ్గర నిలబడి విని, గొంతు సవరించుకుని గొట్టం భుజానికెత్తుకున్నాడు. రాత్రే గింజలు నానబెట్టి గుడ్డలో మూటకట్టి తెచ్చాడాయన. పిల్లలు మళ్లీ పాతారు. ఆఖరున మూటలో ఒక గింజ మిగిలింది. మీరూ ఒకటి వెయ్యండమ్మా అని నా చేతిలో పెట్టాడు. పదో మడి మూలలో నా చేత్తో నేనే వేశాను. యాభై ఏళ్లు వచ్చాక మొదటిసారి. గోళ్లలో మట్టి ఇరుక్కుంది, సాయంత్రం దాకా కడుక్కోలేదు.

గడువు రోజు రానే వచ్చింది. పదిన్నరకు వదిన వచ్చింది, వెనక టేపు పట్టుకుని మేస్త్రి. నేను పిల్లల్ని మడుల పక్కన కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఆవిడ పది మడులూ ఒక్కొక్కటే తిరిగి చూసింది. నిన్ననే చదును చేసిన తడిమట్టి, దాని మీద నీళ్లతాత వేళ్ల గుర్తులు. పచ్చటిది ఒక్క చుక్క లేదు.

"ఇరవై రెండు రోజులు ఇచ్చాను టీచర్. నాకు మట్టే కనిపిస్తోంది."

నిన్న మళ్లీ కొత్తవి వేశామని, ఇంకో పది రోజులు కావాలని అన్నాను.

"మళ్లీ వెయ్యడమేమిటి? మొదట వేసినవి ఏమయ్యాయి?"

నేను నోరు తెరిచేలోపు ఆవిడకు ఒక పిల్లవాడి జేబులోంచి స్కేలు ముక్క, దానికంటుకున్న ఎండిన మట్టి కనిపించాయి. ముప్పై ఏళ్ల ఉద్యోగం. ఆ కళ్ల నుంచి ఏదీ తప్పించుకోదు. గింజల్ని తవ్వారా అని అడిగింది. పిల్లలు తలలు ఊపారు. ఎవరు తవ్వమన్నారని అడిగింది. నలభై మంది ఒకేసారి నేల చూపులు చూశారు. వాళ్లకు అప్పటికి అర్థమైంది, ఈ తప్పు చివరికి నా మీదికే వస్తుందని. ఒక్కడూ నా వైపు చూడలేదు. చివరికి లీడరమ్మ లేచింది.

"తవ్వమని ఎవరూ చెప్పలేదు మేడమ్. మేమే సరిచూశాం."

ఆ పిల్ల నన్ను కాపాడాలనుకుంది, అబద్ధం చెప్పకుండానే కాపాడాలనుకుంది. ఇక నేను నోరు మూసుకుని కూర్చుంటే మనిషిని కాను.

"తప్పు నాది" అన్నాను. "ప్రతి పనీ సరిచూసుకోమని నేనే నేర్పాను. గింజను తీసి చూడకూడదని చెప్పలేదు. నాకే తెలిస్తే కదా."

"నీకు తెలియదా?" అంది వదిన.

నువ్వు. బడిలో, పిల్లల ముందు, మేస్త్రి ముందు. పద్నాలుగేళ్లుగా నా పై ఆఫీసరు, ఒక్కసారి కూడా ఆ మాట జారలేదు. నాకు చెంప మీద కొట్టినట్టుంది. ఆవిడకూ తెలిసిపోయింది. మొహం పక్కకు తిప్పుకుని, దగ్గర్లో ఉన్న నోటుపుస్తకం ఒకటి లాక్కున్నట్టే తీసుకుంది.

నిలబడే చదవడం మొదలుపెట్టింది. తర్వాత గట్టు మీద కూర్చుంది. ఒకటి అయ్యాక ఇంకోటి ఇమ్మని చెయ్యి చాపింది. ఎండ మెల్లగా గోడ దిగుతోంది. మేస్త్రి టేపు సాగదీసి వదిలేస్తున్నాడు, అది చర్రున చుట్టుకుంటోంది. పంపు దగ్గర నీళ్లు డ్రమ్ములో సన్నగా పడుతున్నాయి. ఏడో పుస్తకం దగ్గరో ఎనిమిదో పుస్తకం దగ్గరో ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. వేరు బొమ్మ తప్పని రాసిన పుస్తకం అది.

"ఎవరు రాశారిది?"

చివరి వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. నిజం వేరు ఎలా ఉంటుందో గీసి చూపించమంది వదిన. ఆ పిల్ల పలక తీసి గీసింది. నిటారుగా కాదు. ముందు పక్కకు ఒరిగి, ఏదో వెతుక్కుంటున్నట్టు వంగి, అప్పుడు కిందికి తిరిగిన సన్నని గీత. వదిన ఆ పలకను చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఆ తప్పు బొమ్మ నేనూ చాలా ఏళ్లు గీశాను" అంది నాకు మాత్రమే వినపడేలా.

తర్వాత లేచి దులుపుకుంది. దులుపుకున్నాక మళ్లీ హెడ్‌మిస్ట్రెస్ అయిపోయింది. పది రోజులిస్తానంది. కానీ ఊరికే కాదు. ఈ పది రోజుల్లో ఒక్క వేలు మట్టిలోకి వెళ్లినా పదకొండో రోజు దాకా కూడా ఆగనంది. కాపలా లీడరమ్మది. ఒక నోటుపుస్తకం పెట్టి, మట్టి ముట్టుకున్నవాళ్ల పేరు రాసి, రోజూ సాయంత్రం తన బల్ల మీద పెట్టాలి. ఎవరూ ముట్టుకోకపోతే ఎవరూ లేరని రాయాలి.

"పిల్లలే కాదు, ఎవరైనా సరే. ఒక్క పేరు కనిపించిందా, మర్నాడు పొద్దున్నే మేస్త్రి దిగుతాడు. అర్థమైందా టీచర్?"

మళ్లీ టీచర్ అన్నందుకు ప్రాణం లేచొచ్చింది. మేస్త్రి టేపు చుట్టేసి, కబురు పెడితే చాలు వస్తానని వెళ్లిపోయాడు. ఆ రాత్రి వదిన మా ఇంటికి ఫోన్ చేసి తమ్ముడితో మాట్లాడింది కానీ నన్ను పిలవమనలేదు. మా ఆయన ఇద్దరి మధ్యా ఇరుక్కుపోయి, అటూ ఊ, ఇటూ ఊ అని తప్పించుకుని తిరిగాడు.

పిల్లలు మాట నిలబెట్టుకున్నారు. నేను నమ్మలేకపోయాను. మధ్యాహ్నం ఆ మెత్తని పావుగంటలో మడుల చుట్టూ కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఊరికే చూసేవాళ్లు. కొందరు కళ్లు మూసుకునేవాళ్లు. ఏం చేస్తున్నారంటే, గింజ లోపల ఏం చేస్తోందో అనుకుంటున్నాం అనేవాళ్లు. నేనూ వాళ్ల మధ్య కూర్చుని కళ్లు మూసుకునేదాన్ని. చల్లని చీకటి కనిపించేది, అందులో తెల్లటిది ఏదో ఒత్తిగిలినట్టు అనిపించేది. ఇంట్లో కూర కోస్తున్నా అదే, బస్సులో నిలబడినా అదే. నిద్రలో నా అరచేతి మీద ఏదో మెత్తగా కదిలేది. మెలకువ వచ్చి చెయ్యి చూసుకునేదాన్ని.

మూడు రోజులు పుస్తకంలో 'ఎవరూ లేరు' అని గుండ్రటి అక్షరాలతో పడింది.

నాలుగో రోజు పొద్దున్నే లేచి బడికి వెళ్లాను. బడి మొదలవడానికి ఇంకా గంటన్నర టైముంది. స్థలం మీద మంచు పలచగా పరుచుకుని ఉంది, అవతలి గోడ కనిపించీ కనిపించకుండా ఉంది. నీళ్లతాత ముందువైపు డ్రమ్ములు నింపుతున్నాడు, ఆ చప్పుడు ఎక్కడో నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టుంది. నేను చెప్పులు విడిచాను. ఎందుకు విడిచానో నాకు తెలియదు. మట్టి చల్లగా, కాళ్లకు దగ్గరివాళ్లు తగిలినట్టు తగిలింది.

పదో మడి మూలలో మోకాళ్ల మీద కూర్చున్నాను. చూసి పోదామనే కూర్చున్నాను, ఒట్టు. పైన ఏమీ లేదు. వేలు ఒకటి దానంతటదే ముందుకు వెళ్లింది. నా గింజే కదా అనుకున్నాను. పిల్లలది కాదు, నాది. ఒక్కసారి చూసి, కదలకుండా కప్పేస్తే ఎవరికి నష్టం. ఇరవై రెండేళ్లు ఆగాను, ఇంకో ఆరు రోజులు ఆగలేనా అని కూడా అనుకున్నాను. అనుకుంటూనే మట్టి పక్కకు తీశాను.

ఉంది.

తెల్లగా ఉంది. సుద్దలాంటి తెలుపు కాదు, పాలపన్ను తెలుపు. గింజ పొట్ట చీల్చుకుని, చిటికెన వేలి కణుపంత బయటికి వచ్చి, పక్కకు ఒరిగి, వెతుక్కుని, కిందికి తిరిగింది. ఆ పిల్ల పలక మీద గీసినట్టే. చివర ఒక మట్టి రేణువును పట్టుకుని వదలడం లేదు. దాన్ని చూసి నాకు పెద్దగా ఏమీ అనిపించలేదంటే అబద్ధం. కళ్ల నీళ్లు ధారగా కారిపోయాయి. ఊపిరి కూడా దాని మీద పడకూడదని మొహం పక్కకు తిప్పుకున్నాను.

తిప్పుకున్న వైపే నిలబడి ఉంది లీడరమ్మ.

మంచులోంచి ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. వట్టికాళ్లు, రెండు జడలు, గుండెలకు హత్తుకున్న నోటుపుస్తకం. కోపం లేదు ఆ మొహంలో. చాలా దిగులుంది. రోజూ ఆ పిల్ల ఈ వేళకే వచ్చి కాపలా కాస్తోందని నాకు తెలియదు.

నేను గబగబా మట్టి కప్పబోయాను. చెయ్యి వేరు పక్కనే ఆగిపోయింది. ఈ ఒక్కటి వదిలెయ్యమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల. నేనడిగితే వదిలేస్తుంది. నేనడిగితే ఏదైనా చేస్తుంది. అది తెలిసే నోరు రాలేదు.

లీడరమ్మ నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. గింజను చూసింది, వేరును చూసింది. ఒక్క క్షణం ఆ పిల్ల మొహం వెలిగి, మళ్లీ మామూలైపోయింది. నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన తారీఖు వేసి, దాని కింద గీత కొట్టింది. తర్వాత పెన్సిలు నా వైపు చాపింది.

"పేరు నేను రాయనా టీచర్, మీరే రాస్తారా?"